వెనక చక్రం హోరు

మా మావయ్యవి పాము చెవులు. ఉయ్యూరు చుట్టుపక్కల ఏ పెళ్ళిపందిట్లో అడిగినా చెప్తారు. నలభై ఏళ్ళుగా మైకుసెట్ల వ్యాపారం. పందిట్లో రెండొందల మంది ఒక్కసారిగా మాట్లాడుతున్నా సరే, ఏ మూల కట్టిన హారన్లో డయాఫ్రం చిరిగిందో వంటశాల దగ్గర కాఫీ తాగుతూ చెప్పేస్తాడు. ఆంప్లిఫయరు సన్నగా గుయ్యిమంటే ఎర్తు సరిగ్గా లేదంటాడు. మైకు కూత పెట్టబోతోందని ఇంకా ఎవరికీ తెలియకముందే ఆయన చెయ్యి నాబు మీదకి వెళ్ళిపోతుంది. వీరమ్మతల్లి తిరునాళ్ళలో పదిహేను రోజులపాటు వాయించిన సెట్లని ఒక్కొక్కటీ గొంతుబట్టి గుర్తుపట్టేవాడు.

అలాంటి మనిషి తన సొంత వ్యాను వెనక చక్రం ఏడాదిపాటు హోరెత్తుతుంటే వినలేదు.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు బెజవాడ బస్టాండుకి వ్యానేసుకుని వచ్చాడు. 2006లో కొన్న తెల్ల ఓమ్ని. వెనక సీటు ఒకటి పీకేసి, అక్కడ బాక్సులూ హారన్లూ వైర్ల చుట్టలూ పేర్చుకునే ఏర్పాటు చేసుకున్నాడు. బెంజి సర్కిలు రద్దీలో ఏమీ తెలియలేదు. పటమట, కానూరు దాటి పోరంకి వచ్చేసరికి నా వీపు వెనక నుంచి ఒక మూలుగు మొదలైంది. పెద్ద చప్పుడేం కాదు. ఇంట్లో పిండిమర ఆడుతుంటే నాలుగిళ్ళ అవతల వినిపించినట్టు.

"మావయ్యా, ఆ చప్పుడేంటి?"

"ఏ చప్పుడు?"

"ఆ హోరు."

"రోడ్డురా అది. బందరు రోడ్డు ఎప్పుడూ అంతే." అని టేపు రికార్డరు సౌండు ఇంకొంచెం పెంచాడు. అప్పటికే అది చాలా పెద్దగా ఉంది. బండి నలభై దాటడం లేదు. ఎందుకింత నెమ్మది అంటే, "అరవయ్యేళ్ళు దాటాయి కదరా, ఇంకా ఏం తోలతాం" అన్నాడు.

గంగూరు దాటాక రోడ్డు ఖాళీగా కనిపించినచోట గేరు న్యూట్రల్ చెయ్యమన్నాను. ఇంజను గొంతు పడిపోయింది. హోరు పడిపోలేదు. బండి వేగం తగ్గేకొద్దీ అదీ మెట్లు దిగినట్టు దిగుతూ వచ్చి, ముప్ఫై దగ్గర మాయమైంది. అంటే ఇంజనుది కాదు, చక్రాలతోపాటు తిరుగుతున్నదేదో అంటోంది. టైరు చప్పుడైతే సిమెంటు రోడ్డు మీద ఒకలా, తారు మీద ఒకలా ఉండాలి. డిఫరెన్షియల్లో పళ్ళు అరిగితే యాక్సిలరేటరు తొక్కినప్పుడొక గొంతు, వదిలినప్పుడొక గొంతు. ఇది ఈ రెండింటికీ మారలేదు. మలుపులకి మాత్రం పలికింది. ఎడమకి తిరిగితే గట్టిగా, కుడికి తిరిగితే మెత్తగా. ఎడమకి తిరిగినప్పుడు బండి బరువు కుడి చక్రాల మీదకి ఒరుగుతుంది. కాబట్టి అనుమానం కుడిపక్క వెనక బేరింగు మీద. ఇదేమీ నా పాండిత్యం కాదు. కాలేజీ రోజుల్లో రెండు వేసవులు ఒక షెడ్డులో పానాలు అందించాను. అప్పటి ఎంగిలి జ్ఞానం.

మావయ్య నమ్మలేదు. నమ్మకపోగా నొచ్చుకున్నాడు కూడా. చెవుల గురించి ఆయనకి ఒకరు చెప్పడమా! కనుమ వెళ్ళాక అత్తయ్య, "వాడు ఊరికే అనడుగా, ఒకసారి చూపించండి" అంటే తప్ప బండి ఆటోనగర్ వైపు తిరగలేదు. పటమటలో వాళ్ళక్కగారింటికి వెళ్ళాలని ఆవిడా ఎక్కింది. ఆవిణ్ణి అక్కడ దింపి మేం షెడ్డుకి వెళ్ళాం.

ఈ వ్యాన్ల గురించి రెండు మాటలు చెప్పాలి. 1984లో మారుతీ వ్యాన్ అనే పేరుతో వచ్చి, ఆ తర్వాత ఓమ్ని అయి, 2019లో తయారీ ఆగిపోయేదాకా అది చెయ్యని పని లేదు. స్కూలు పిల్లల్ని మోసింది, రోగుల్ని మోసింది, పాల క్యాన్లని మోసింది. పక్కకి జారే తలుపు పుణ్యమా అని తెలుగు సినిమాలో హీరోయిన్ని ఎత్తుకుపోయే ఉద్యోగమూ దానిదే. చూడ్డానికి అగ్గిపెట్టెలా ఉంటుంది గానీ లోపల పద్ధతి మాత్రం లారీదే. ముందు సీట్ల కింద 796 సీసీల మూడు సిలిండర్ల ఇంజను, అక్కణ్ణుంచి బండి కింద వెనక్కి పోయే ప్రొపెల్లర్ షాఫ్టు, వెనక కమానుకట్టల మీద కూర్చున్న నిండు ఇరుసు. ఆ ఇరుసు గొట్టంలో అటొకటీ ఇటొకటీ రెండు యాక్సిళ్ళు. చక్రాన్ని తిప్పేదీ అదే యాక్సిలు, బండి బరువు మోసేదీ అదే. దానికి చివర ఒకే ఒక్క బేరింగు.

మేస్త్రి ముందు ఏమీ విప్పలేదు. జాకీ ఎక్కించి చక్రాన్ని చేత్తో ఒక తిప్పు తిప్పాడు. ఆ తిరిగే చక్రాన్ని చూడకుండా, మొహం పక్కకి తిప్పుకుని, రెండో అరచేయి కమానుకట్ట మీద పెట్టాడు. తర్వాత మావయ్య చెయ్యి పట్టుకుని అక్కడే పెట్టాడు. "చూడండి అన్నగారూ."

మావయ్య మొహం మారింది. చెవికి అందనిది చేతికి అందింది. గరగరమని, ఇసుక నలిగినట్టు. ఆ తర్వాత ఎడమ చక్రం మీదా చెయ్యి పెట్టి చూశాడు. అది నూనెలో తిరిగినట్టు తిరిగింది. మళ్ళీ కుడికి వచ్చాడు. అలా మూడుసార్లు అటూ ఇటూ తిరిగాడు.

నాకు ఇక్కడే ఆలోచన పట్టుకుంది. ఏడాది క్రితం ఒకరోజు పొద్దున్నే ఈ హోరు మొత్తంగా మొదలై ఉంటే మావయ్య బండి దిగి పరిగెత్తి ఉండేవాడు. అది అలా రాలేదు. ఒకరోజుకీ మర్నాటికీ తేడా ఆయన చెవులకి కూడా అందనంత సన్నగా వచ్చింది. ఎనిమిది నెలల తర్వాత వచ్చిన నాకు ఆ ఎనిమిది నెలల తేడా ఒక్కసారిగా వినపడింది, అంతే. చెవి మంచిదా కాదా అన్నది ఇక్కడ లెక్కలోకే రాదు.

డ్రమ్ము ఊడబెరికితే గుప్పుమంది. గేర్ ఆయిలు వాసన ఒకసారి పీల్చినవాళ్ళు మర్చిపోలేరు. కుళ్ళిన గుడ్డుకి అన్నదమ్ముడు, అందులో కలిపే గంధకం మహిమ. బ్రేకు లైనర్లు నల్లగా తడిసి మెరుస్తున్నాయి. చక్రం లోపలివైపు నూనె కారి, దాని మీద దుమ్ము పేరుకుని, పాతకాలపు వంటింటి గోడలా జిడ్డు కట్టింది. "బ్రేకు కొడితే ఒక పక్కకి లాగట్లేదా?" అని అడిగాడు మేస్త్రి. మావయ్య కాసేపు ఆలోచించి, "లాగుతుంది. స్టీరింగు కొంచెం ఇటు పట్టుకుంటాగా" అన్నాడు. పట్టుకుంటున్నట్టు ఆయనకి అప్పుడే తెలిసింది.

గేర్ ఆయిలు కిందకి వదిలేసి, బ్రేకు పైపు విప్పి, ప్లేటు నట్లు నాలుగూ తీశారు. యాక్సిలు రాలేదు. మేస్త్రి డ్రమ్మునే తిప్పి పెట్టి, రెండు నట్లు చివర్న మాత్రం ఎక్కించి, రెండు చేతులా పట్టుకుని వెనక్కి ఒక్క గుంజు గుంజాడు. మూడో గుంజుకి టప్పుమని ఊడి, బారెడు ఇనపకడ్డీ నూనె కార్చుకుంటూ బయటికొచ్చింది. ఇరవై ఏళ్ళుగా చీకట్లో తిరిగిన వస్తువు. వెలుగులో పెడితే దాని మీద ఒక్క మచ్చ లేదు, రెండుచోట్ల తప్ప.

బేరింగు వెనక ఒక ఉక్కు ఉంగరం ఉంటుంది. మర లేదు, శీల లేదు, తాళం లేదు. తన బెజ్జం కన్నా ఒక వెంట్రుకవాసి లావైన కడ్డీ మీదకి ప్రెస్సు పెట్టి ఎక్కిస్తారు, ఆ బిగువే దాని బలం. బేరింగు పక్కకి జరక్కుండా, చక్రంతో సహా యాక్సిలు మొత్తం రోడ్డు మీదకి దిగిపోకుండా ఆపేది ఆ ఉంగరమే. దాన్ని మళ్ళీ వాడరు, ప్రతిసారీ కోసెయ్యాల్సిందే. మేస్త్రి గ్రైండరుతో రెండుచోట్ల కాగితమంత మందం మిగిలేదాకా అరగదీశాడు. నిప్పురవ్వలు చెప్పుల దాకా వచ్చాయి. మిషను ఒక్క పిసరు లోతుకి పోయినా యాక్సిలు పనికిరాదు, అందుకే చివరి పొర మిషనుకి వదలడు. ఉలి ఆనించి సుత్తితో ఒక్క దెబ్బ. ఉంగరం కిణుక్కుమని పగిలి రెండు ముక్కలైంది. "వినండి, అలా మోగితే మంచి ఉక్కు అన్నమాట" అన్నాడు. మావయ్య వెంటనే తలూపాడు. ఈ భాష ఆయనకి వచ్చు.

పాత బేరింగుని పగలగొట్టి చూపించమని అడిగాను. మేస్త్రికి టైం లేదు గానీ, కుర్రాడికి సరదా. గుడ్డ కప్పి నాలుగు దెబ్బలేశాడు. లోపల గుళ్ళు బాగానే ఉన్నాయి. అవి పరిగెత్తే గాడిలో ఒకచోట, చింతగింజలో సగమంత మేర, ఉక్కు పెచ్చులుగా లేచిపోయింది. ఇంతా చేసి అంతే. చక్రం ఒక్కసారి తిరిగేసరికి ఎన్ని గుళ్ళు ఆ గుంట మీదుగా పోతే అన్ని చిన్న దెబ్బలు. నలభై కిలోమీటర్ల వేగంలో అవన్నీ కలిసిపోయి ఒకే గొంతుగా వినిపిస్తాయి. అదే హోరు.

మా తాత బండికి ఈ బాధ లేదు. చెక్క కుండలో ఇనప ఇరుసు నేరుగా రాసుకుంటూ తిరిగేది. గడ్డి కాల్చిన మసి ఆముదంలో కలిపి, వెదురు గొట్టంలో పోసి బండి కింద వేలాడదీసేవాడు. అది కందెన. అది ఇంకిపోయిన రోజున బండి దాచుకునేది కాదు. చెరుకు బండ్లు ఫ్యాక్టరీ ముందు బారులు తీరినప్పుడు, ఎవరి బండి కిర్రుమంటోందో ఊరు మొత్తానికి తెలిసేది. బండి తోలేవాడికి సిగ్గేసి దిగి కందెన పెట్టేవాడు. సుమతీ శతకకారుడు ఆ ఇరుసునీ కందెననీ తీసుకెళ్ళి కరణాలకి ముడిపెట్టాడు, వాళ్ళని మంచి చేసుకోకపోతే పనులు కదలవని చెప్పడానికి. ఎంత ముచ్చటైన పనిముట్టుని ఎంత పాడుపనికి వాడుకున్నాడో అనిపిస్తుంది నాకు ఎప్పుడూ. నిజానికి బాల్ బేరింగు కూడా బండి కోసం పుట్టిందే. వేల్సులోని కార్మార్థెన్‌లో ఇనప కొలుములు నడిపే ఫిలిప్ వాన్ అనే ఆయన 1794లో దానికి పేటెంటు తీసుకున్నది గుర్రబ్బండి ఇరుసుకే. ఈ సంగతి చెబితే మావయ్య, "పేరులోనే వ్యానుందిరా" అని నవ్వాడు.

సామాన్ల కొట్టులో ఆయన ఇంకా ఉషారయ్యాడు. బేరింగు అంచు మీద చెక్కిన నంబరులో చివరి రెండంకెలు 04 గానీ ఆ పైన గానీ అయితే, వాటిని అయిదుతో గుణిస్తే లోపలి బెజ్జం ఎన్ని మిల్లీమీటర్లో వస్తుందని కొట్టతను చెప్పాడు. 6205 అయితే 25 అన్నమాట. ఏ దేశంలో ఏ కంపెనీ చేసినా అదే లెక్కట. సీలుకి మూడు కొలతలు: లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం. "మా స్పీకర్ల ఓమ్సులాగే ఉందే" అని తన జేబు పుస్తకంలో రాసుకున్నాడు.

బేరింగు కన్నా నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఆ సీలే. చూడ్డానికి ఏముంది, గాజు అంత రబ్బరు చుట్ట. లోపలి అంచు నాలుకలా పల్చగా ఉంటుంది. దాని వెనక గాడిలో దారమంత సన్నని స్ప్రింగు ఒకటి చుట్టుకుని, ఆ నాలుకని యాక్సిలు మీదకి మెత్తగా అదిమిపెడుతుంది. లోపలి నూనె బయటికి పోకూడదు, బయటి దుమ్ము లోపలికి రాకూడదు, నడుమ యాక్సిలు మాత్రం ఆగకూడదు. అందుకని పూర్తిగా బిగించి మూసెయ్యడానికి లేదు, మూస్తే రాపిడికి మాడిపోతుంది. ఆ రబ్బరు నాలుకకీ ఉక్కుకీ మధ్య కంటికి కనపడనంత నూనె పొర ఒకటి ఎప్పుడూ ఉంటుంది. నూనెని ఆపేది, కొంచెం నూనె మీద బతుకుతూనే ఆపుతుంది. బిగించేముందు మేస్త్రి వేలితో గ్రీజు తీసి దాని అంచుకి కాటుక పెట్టినట్టు పూశాడు.

యాక్సిలు మీద రెండు మచ్చలన్నాను కదా. ఒకటి బేరింగు కూర్చునే చోటు. రెండోది పాత సీలు నాలుక ఆనిన చోటు. అక్కడ చుట్టూ సన్నని గాడి పడి ఉంది. గోరు పెట్టి రాస్తే టిక్కుమని తగిలింది. ఉక్కుని రబ్బరు కోసిందంటే ఎవరు నమ్ముతారు! రబ్బరు కొయ్యలేదట. రబ్బరులో చిక్కుకున్న దుమ్ము కోసిందట, ఇరవై ఏళ్ళు ఒకే చోట నిలబడి. మెత్తగా ఉన్నవాటిలో ఏం దూరి కూర్చుందో పైకి తెలియదు. మేస్త్రికి ఇది కొత్త కాదు. కొత్త సీలుని పాతది కూర్చున్నంత లోతుకి కాకుండా ఒక రెండు మిల్లీమీటర్లు ఇవతలే ఆపాడు. నాలుక ఇప్పుడు గాడిలో పడదు, కొత్త ఇనుము మీద పడుతుంది.

అంతా అయిపోయిందనుకున్నాం. మేస్త్రి మాత్రం బండి కిందకి దూరి, ఇరుసు నెత్తిమీద వెతుకుతున్నాడు. సీలు ఇంతకుముందెప్పుడైనా మార్చారా అని కింద నుంచే అడిగాడు. మార్చాం, రెండేళ్ళయింది, ఇంకో షెడ్డులో. నాలుగు నెలలకే మళ్ళీ కారింది. ఆ షెడ్డువాళ్ళు సరుకు మంచిది కాదన్నారు, మేమూ సరే అనుకున్నాం. మేస్త్రి సన్నని తీగతో ఏదో కెలికి, ఎండిన మట్టి గుళిక ఒకటి మావయ్య అరచేతిలో వేశాడు. మినపగింజంత ఉంది.

ఇరుసు గొట్టానికి పైన ఒక ఊపిరి రంధ్రం ఉంటుంది. బండి నడిచేకొద్దీ లోపల నూనె వేడెక్కుతుంది, గాలి ఉబ్బుతుంది, ఆ గాలి పోవడానికి దారి అది. కాలవగట్ల మీద, పొలాల్లో వేసిన పందిళ్ళకి బురదలో తిరిగి తిరిగి అది పూడిపోయింది. పైకి పోలేని గాలి నూనెని పక్కలకి తోసింది. ఎంత మంచి సీలైనా ఎన్నాళ్ళు ఆపుతుంది! తిట్లు సీలు తిన్నది, తప్పు మట్టిది. మావయ్య ఆ గుళికని పారెయ్యలేదు, చొక్కా జేబులో వేసుకున్నాడు.

లేతు షాపులో ప్రెస్సు కింద కొత్త బేరింగు ఎక్కించేటప్పుడు మేస్త్రి పక్కనే నిలబడి, ఒత్తిడి లోపలి రింగు మీద పడుతోందా లేదా అని చూసుకున్నాడు. బయటి రింగు మీద పడితే ఆ బరువంతా గుళ్ళ మీదుగా పోయి, కొత్త బేరింగు పుట్టగానే గాట్లు పెట్టుకుంటుంది. లైనర్లు రెండు పక్కలా మార్చారు. ఇరుసులో ఆయిలు నింపే బెజ్జం నుంచి తిరిగి ఒలికేదాకా పోశారు. బ్రేకుల్లో గాలి తియ్యడానికి నన్ను సీట్లో కూర్చోబెట్టారు. "కొట్టండి... కొట్టండి... పట్టుకోండి." పట్టుకుంటే పెడలు పాదం కింద మెత్తగా కిందకి జారింది. "వదలండి." ఒక పావుగంట తర్వాత అది రాయిలా నిలబడింది.

సాయంత్రం పటమటలో అత్తయ్యని ఎక్కించుకుని బయల్దేరాం. కానూరు దాటేదాకా ఎవరూ మాట్లాడలేదు. వెనకనుంచి ఏ చప్పుడూ లేదు. మావయ్య ఒకటికి రెండుసార్లు టేపు సౌండు తగ్గించాడు, చివరికి కట్టేశాడు. పెనమలూరు దగ్గర చూస్తే ముల్లు యాభై అయిదు మీద ఉంది. ఆయన చూసుకోలేదు. అరవయ్యేళ్ళు దాటినందుకు కాదన్నమాట ఆ నలభై. నేను ఆ మాట పైకి అనలేదు గానీ, హైదరాబాదులో నా బతుకులో నేను వయసు మీదా తీరిక మీదా స్వభావం మీదా వేసిన నెమ్మదులన్నీ వరసగా గుర్తొచ్చాయి. కొన్నిటికి నా దగ్గర చాలా మంచి కారణాలు ఉన్నాయి.

"అక్కావాళ్ళ చిన్నదానికి సంబంధం చూస్తున్నారట" అంది అత్తయ్య వెనక నుంచి.

మావయ్య వెనక్కి తిరిగి చూడబోయి, అద్దంలో చూశాడు. "ఏంటి, నువ్వు ఈమధ్య వ్యాన్లో నోరు విప్పడమే మానేశావుగా?"

"ఎన్నిసార్లు ఏంటి ఏంటి అంటారు? విసుగొచ్చి మానేశా. ఏడాదైంది."

ఆయన ఏమీ అనలేదు. కంకిపాడు వచ్చింది. ఉన్నట్టుండి బండి పక్కకి తీసి ఆపాడు.

"ఏమైంది?"

"వెనక ఏదో చప్పుడొస్తోందిరా. టింగుటింగుమంటోంది. మేస్త్రి ఏదో వదులుగా వదిలేశాడు."

దిగి వెనక తలుపెత్తాం. చక్రం కుదురుగా ఉంది. జాకీ రాడ్డు తన క్లిప్పులోంచి ఊడి రేకుకి కొట్టుకుంటోంది. క్లిప్పు తుప్పు పట్టి విరిగిపోయి ఉంది, నిన్నా మొన్నా విరిగింది కాదు. మావయ్య పాత తువ్వాలు చింపి రాడ్డుకి చుట్టి, వైర్ల చుట్టల కింద దోపాడు. బండి స్టార్టు చేశాడు. అర కిలోమీటరు వెళ్ళేసరికి మళ్ళీ తల పక్కకి వంచాడు.

"ఇంకోటి ఉందిరా. ఎడమ తలుపులో."